ఎడమకాలి ఉద్యోగం

బానెట్టు మీద తడిగుడ్డ తిప్పుతూ డ్రైవరు కొత్త బండిని తిడుతున్నాడు. పైకి వినబడేటట్టు కాదు. పెదవి కదపకుండా తిట్టడం అతను నేర్చిన విద్యల్లో ఒకటి. ప్లీడరుగారి దగ్గర ఇన్నేళ్ళు కొలువు చేసినవాడికి ఆ విద్య రాకపోతే ఉద్యోగం ఎప్పుడో ఊడి ఉండేది.

బండి తెల్లగా, నున్నగా, ఎక్కడా ఒక్క నొక్కు లేకుండా నవనవలాడుతోంది. అదే అతనికి మంట. పాత బండికి ఒళ్ళంతా గుర్తులే. కుడి తలుపు మీది గీత ఎవరి సైకిలు గీసిందో, వెనక బంపరు ఏ గేటు తగిలి నొక్కుకుపోయిందో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. దీని ఒంటి మీద చెప్పుకోవడానికి ఏమీ లేదు. పైగా తలుపు తీస్తే కూస్తుంది, బెల్టు పెట్టకపోతే కూస్తుంది, వెనక్కి పోతూ గోడ కనబడితే కొంప మునిగినట్టు కూస్తుంది. గోడ ఉన్న సంగతి తనకు తెలియదా? ఆ గోడ కట్టిననాటి నుంచీ ఆ షెడ్డులో బండి పెడుతున్నది తనే.

అన్నిటికీ మించి దీనికి క్లచ్చు లేదు.

గేరు కర్ర ఉండాల్సిన చోట ఒక పొట్టి పిడి, దాని పక్కన నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. పిడిని ఒక అక్షరం దగ్గర పెడితే ముందుకు, ఇంకో అక్షరం దగ్గర పెడితే వెనక్కి. బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, ఎవరూ పొమ్మనకుండానే పాకడం మొదలుపెడుతుంది. గేర్లు దాని ఇష్టం వచ్చినప్పుడు అదే మార్చుకుంటుంది. నువ్వలా కూర్చోవయ్యా, అంతా నేను చూసుకుంటాను అన్నట్టుంటుంది దాని వాలకం. కుడికాలికైతే ఏదో ఇంత పని మిగిలింది. ఎడమకాలికి ఉన్న ఉద్యోగం పోయింది. ఆ కాలిని ఆన్చుకోవడానికి కంపెనీవాళ్ళు ఎడమ పక్క మూలలో చిన్న మెట్టు ఒకటి అమర్చారు. దాన్ని చూస్తే అతనికి పింఛను కాగితం చేతిలో పెట్టినట్టుండేది. దాని మీద కాలు పెట్టడానికి మనసొప్పక, ఎడమకాలిని సీటుకు దగ్గరగా లాక్కుని కూర్చునేవాడు.

ఆ కాలు చూడవలసిన కాలు. మనిషి పొట్టి, మెడ లేదేమో అనిపించే భుజాలు, అరచేతుల్లో స్టీరింగు కాయలు. ప్యాంటు పైకి మడిచి బండి కడుగుతున్నప్పుడు చూస్తే రెండు కాళ్ళూ ఒక తల్లి పిల్లల్లా ఉండవు. కుడి పిక్క మామూలు పిక్కే. ఎడమది రాయిలా బిగుసుకుని, నరాలు తేలి, పక్కదానికి పెద్దన్నలా ఉంటుంది. బొటనవేలి కింద చర్మం దళసరిగా, నున్నగా, కొత్త తోలులా మెరుస్తుంది. ఎడమకాలి చెప్పు విప్పి క్లచ్చు తొక్కడం అతని పద్ధతి. మధ్యలో చెప్పు ఉంటే బండి ఏం చెబుతోందో వినబడదనేవాడు. అందుకే కోర్టు షెడ్డులో తోటి డ్రైవర్లు అతనికి క్లచ్చయ్య అని పేరు పెట్టారు. క్లచ్చు లేని బండి వచ్చాక ఆ పేరు పిలవడంలో వాళ్ళకు రుచి మరింత పెరిగింది.

పాత బండిని తుక్కు కింద ఇచ్చేసిన రోజున అతను వంగి, క్లచ్చు పెడలుకున్న రబ్బరు తొడుగును ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. దాని మీది గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మధ్యలో పాదం మేర గుంట పడింది. తుక్కువాడు కూడా అడగనిదాన్ని ఇంటికి తెచ్చావా అని భార్య నవ్వితే, మర్నాడే తీసుకుపోయి కొత్త బండి తలుపు అరలో పడేశాడు.

ఆ భార్య మిషను కుట్టి బతికే మనిషి. మాట కూడా సూదిలాగే ఉంటుంది. ఈ రోజు పొద్దున టీ గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టి, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి, కమిలిన ముంగాలు చూపించింది.

"ఏమయ్యా, నిద్రలో కూడా ఆ కాలికి డ్యూటీ వేశారా? తొక్కుతూనే ఉన్నావు. బండి మారింది కదా, కాలికి చెప్పలేదా?"

"నా కాలు ఊరికే పడుంటోంది. నువ్వే ఎక్కడో కొట్టుకునుంటావు."

ఆమె మిషను ముందు కూర్చుని, అతని మీది కోపాన్ని కాలి కింద పెట్టి గిరగిరా తొక్కింది.

*

ప్లీడరుగారు మెట్లు దిగి వస్తున్నాడు. పొడుగాటి మనిషి, అంతకంటే పొడుగాటి మెడ, ఆ మెడ చుట్టూ డాక్టరు కట్టిన తెల్ల పట్టీ, ముక్కు చివర కళ్ళజోడు. ఆయన నోటికి ఊళ్ళో జడ్జీలు కూడా జంకుతారు. కేకలు వేయడు. మెల్లగా, సాక్షిని అడిగినట్టు అడుగుతాడు. ఎదుటివాడికి సమాధానం చెప్పేదాకా తను తిట్టు తిన్నానని తెలియదు.

డ్రైవరు తండ్రి పోయి, కర్మకాండ ముగించుకుని పనిలోకి వచ్చిన పొద్దున ఆయన అన్న మాట, "మీ నాన్న పోయినందుకు విచారంగానే ఉంది. ఇంక పోయేవాళ్ళెవరూ లేరుగా, రేపటి నుంచి వేళకు వస్తావా?" కూతురిని సైన్సు చదివించడానికి అప్పుకు హామీ సంతకం అడిగితే, పెడుతూ పెడుతూ, "స్టీరింగు తిప్పేవాడి ఇంట్లో మైక్రోస్కోపు ఎక్కడ పెడతారోయ్?" అన్నాడు. సంతకం మాత్రం పెట్టాడు. పిల్ల నర్సయి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. ఆ మాట మటుకు ఇక్కడే, డ్రైవరు చెవిలోనే ఉండిపోయింది.

ఇలాంటివాటికి నోటితో బదులు చెప్పే స్థితి కాదు అతనిది. కాలితో చెప్పేవాడు. మాట పడిన తర్వాత మొదటి మలుపులోనో, మొదటి సిగ్నలు దగ్గరో క్లచ్చును ఒక్క వెంట్రుకవాసి ముందుగా వదిలేవాడు. బండి చిన్నగా ఎగిరేది. వెనక సీట్లో ఆ పొడుగాటి మెడ ముందుకు వంగి, తల అతని వీపుకు ఒక నమస్కారం పెట్టి వెనక్కి వెళ్ళేది. దానికి కోర్టు షెడ్డులో దణ్ణం అని పేరు. చిన్న మాటకు చిన్న దణ్ణం, పెద్ద మాటకు పెద్దది. తండ్రి పోయినప్పటి మాటకు పెట్టించిన దణ్ణానికి ప్లీడరు కళ్ళజోడు ఎగిరి ఒళ్ళో పడింది. ఎంత వదలాలో, ఎప్పుడు వదలాలో ఆ కాలికి తెలుసు. మెడ నొప్పి పుట్టేటంత ఎన్నడూ వదల్లేదు. రోడ్డు బాగాలేదండీ అని అద్దంలోంచి చూసి చెప్పేవాడు. ఆ ఒక్క పనితోనే అతను అన్నేళ్ళూ తల ఎత్తుకుని ఇంటికి వెళ్ళాడు.

కొత్త బండిలో ఆ ఆయుధం లేదు. అది చాలదన్నట్టు, ఇప్పుడు బండి తనంతట తనే దణ్ణాలు పెట్టిస్తోంది. మెల్లగా పోతూ పోతూ, సిగ్నలు దగ్గరో మలుపులోనో, ఉన్నట్టుండి గుంజిపట్టినట్టు ఆగుతుంది. ప్లీడరు మెడ ముందుకు పోతుంది. ఆ పట్టీ అలా వచ్చిందే. షోరూము వర్క్‌షాపుకు ఇప్పటికి రెండుసార్లు తీసుకెళ్ళారు. మొదటిసారి ఏదో ఆయిలు మార్చారు, రెండోసారి కంప్యూటరు తగిలించి లోపలి లెక్కలన్నీ సరిచేశామన్నారు. వాళ్ళు నడిపినప్పుడు బండి బుద్ధిగా ఉంటుంది. అతని చేతికి రాగానే పాత పాటే.

తను చేసిన దణ్ణాలకు ఒక్కనాడు దొరకలేదు. చేయనివాటికి రోజూ దొరుకుతున్నాడు.

నిన్న ప్లీడరు షోరూము మేనేజరుకు ఫోను చేసి, డ్రైవరు వింటుండగానే తీర్పు చెప్పేశాడు. రేపు సాయంత్రం వర్క్‌షాపులో తను కూడా బండిలో కూర్చుని చూస్తాడు. తప్పు బండిదైతే కంపెనీని కోర్టుకీడుస్తాడు. తప్పు డ్రైవరుదైతే వాడికి ఇంకో రోజు ఉండదు, రేపే ఆఖరు. ప్లీడరు మాట ఒకసారి బయటికి వచ్చిందంటే వెనక్కి పోయిన సందర్భం లేదు. దాని మీదే ఆయన అంత సంపాదించాడు.

వెనక తలుపు తీసి పట్టుకుంటే ప్లీడరు లోపల కూర్చుని, మెడపట్టీ సవరించుకుని, బండి పైకప్పుకున్న పిడిని గట్టిగా పట్టుకున్నాడు. కోర్టు మలుపు దగ్గర బండి గుంజింది. తల ముందుకు వచ్చి వెళ్ళింది.

"బండా, నువ్వా?" అన్నాడు ప్లీడరు.

"బండేనండీ."

"సాయంత్రం తెలుస్తుంది."

*

కోర్టు షెడ్డులో డ్రైవర్లు బెంచీ మీద జరిగి చోటిచ్చారు కానీ వాళ్ళ నోళ్ళు జరగలేదు. క్లచ్చయ్యకు క్లచ్చు పోయాక మిగిలింది అయ్యేనా అని ఒకడు. ఇప్పుడంతా బండే చూసుకుంటుందటగా, మరి నువ్వెందుకు బావా, దిష్టి బొమ్మలాగా అని ఇంకొకడు. అతను డబ్బా తెరిచి చల్లారిన అన్నం తిన్నాడు. అన్నేళ్ళ స్నేహంలో వాళ్ళకు తను నేర్పని పని లేదు. దణ్ణం ఎలా పెట్టించాలో కూడా వాళ్ళకు నేర్పింది తనే. ఒక్కడైనా, బండిలోనే ఏదో ఉందని అనలేదు.

డబ్బా కడుక్కుంటూ చివరికి అతనే అన్నాడు.

"సాయంత్రం చూడండిరా. ఆ కంపెనీవాడి ముఖాన నెత్తురు చుక్క ఉండదు."

అంత గట్టిగా ఎందుకన్నాడంటే, అతనికి నిజంగానే నమ్మకం. తను బ్రేకు మెల్లగానే తొక్కుతున్నాడు. కుడికాలు సంగతి అతనికి పూర్తిగా తెలుసు. ఎడమకాలా, అది ఊరికే పడుంది. దానికి పనే లేదు కదా.

*

వర్క్‌షాపు పెద్ద రేకుల షెడ్డు. లోపల బళ్ళు పైకి లేచి, పొట్టలు చూపిస్తూ వేలాడుతున్నాయి. నేల మీద నూనె మరకలు, గాలి గొట్టాల బుసలు. మేనేజరు మెడలో టై, ముఖాన నవ్వు, రెండూ బిగించి కట్టుకుని ఎదురొచ్చాడు. ప్లీడరు ఆ నవ్వును చూడనట్టే చూసి, ఈ నవ్వు బండితో పాటు ఇచ్చేదా, విడిగా అమ్మేదా అని అడిగాడు. మేనేజరు నవ్వును ఇంకాస్త బిగించాడు. డ్రైవరుకు లోలోపల హాయిగా ఉంది. ఇవాళ ఆ నోరు తన వైపు లేదు.

పరీక్షకు వచ్చిన మెకానిక్కు ఒక ఆడమనిషి. నడివయసు, నీలం చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, చెవి వెనక పెన్సిలు. పలకరింపులు లేవు. ముందు ఆమె నడిపింది. పక్కన డ్రైవరు, వెనక ప్లీడరు, మేనేజరు. వర్క్‌షాపు చుట్టూ ఉన్న రోడ్డు మీద, స్పీడు బ్రేకరు దగ్గర, మలుపులో, సిగ్నలు దగ్గర ఎక్కడా బండి తొణకలేదు. మేనేజరు నవ్వు కాస్త వదులైంది.

"ఇప్పుడు మీరు నడపండి" అంది ఆమె, చోటు మారుతూ.

డ్రైవరు అలవాటుగా ఎడమ చెప్పు విప్పాడు. బండి కదిలింది. ఆమె రోడ్డు చూడలేదు, ముందున్న అంకెలూ చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కిందికి చూస్తూ కూర్చుంది. స్పీడు బ్రేకరు దగ్గర ఏమీ కాలేదు. మలుపు దగ్గర బండి గుంజింది. అతనేమీ అనేలోపు ఆమె, మళ్ళీ ఒకసారి చుట్టి రండి అంది. అతను మళ్ళీ చుట్టి వచ్చాడు. అదే మలుపు. బండి మెల్లబడుతోంది, మెల్లబడుతోంది, గుంజిపట్టినట్టు ఆగింది. ప్లీడరు నుదురు ముందు సీటుకు తగిలింది.

"అదిగో!" అన్నాడు డ్రైవరు. గొంతులో పండగ. "చూశారా అమ్మా, మీ కళ్ళతో చూశారు. నేనేమన్నా చేశానా?"

"చేశారు. కదలకండి. ఒక్కసారి కిందికి చూసుకోండి."

అతను చూసుకున్నాడు. వెడల్పాటి బ్రేకు పెడలు మీద కుడివైపు చెప్పున్న కుడికాలు. దాని పక్కనే, అదే పెడలు మీద, వేళ్ళు ముడుచుకుని, పిక్క బిగించి, అడుగంటా తొక్కిపెట్టి అతని ఎడమకాలు.

దాన్ని ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు చూశాడు. అది అక్కడికి వెళ్ళిన సంగతి అతనికి తెలియదు. బండి మెల్లబడితే క్లచ్చు తొక్కాలి కనుక అది వెళ్ళి తొక్కింది. క్లచ్చు లేదని ఎవరూ దానికి చెప్పలేదు. చెప్పినా అది వినేది కాదు. అన్నేళ్ళుగా అది అతన్ని అడిగి ఏ పనీ చేయలేదు.

"పాత బళ్ళు నడిపినవాళ్ళలో అక్కడక్కడ చూస్తాం" అంది ఆమె, మామూలుగా. "బండిలో ఏ దోషం లేదు."

వెనక సీట్లో మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళూ తమ కంపెనీ పేరు బజారున పెట్టారని, ఇప్పటికైనా పెద్దమనసు చేసుకుని ఒక మంచి డ్రైవర్ని చూసుకోమని, కావాలంటే తామే పంపిస్తామని చెప్పాడు. ఒక్కో మాటా తేనెలో ముంచి తీసినట్టుంది. డ్రైవరుకు అతని టై పట్టుకుని ఈడ్వాలనిపించింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. తల కొట్టేసినట్టయింది.

ప్లీడరు వర్క్‌షాపు ఆవరణలో దిగి, మేనేజరును పంపించేసి, బండికి ఆనుకుని నిలబడ్డాడు. డ్రైవరు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఒక కాలికి చెప్పు లేదన్న సంగతి అప్పుడు గమనించాడు. తిట్టు కోసం ఎదురుచూశాడు. ఎంత పెద్ద తిట్టయినా ఇవాళ పడతాడు. పడటానికి సిద్ధంగా ఉన్నాడు.

"దణ్ణాలంటారటగా మీరు, షెడ్డులో" అన్నాడు ప్లీడరు మెల్లగా.

డ్రైవరు ముఖం పాలిపోయింది.

"నా గుమాస్తా ఎప్పుడో చెప్పాడు. వాడు చెప్పకముందే నాకు తెలుసు. మీ నాన్న పోయినప్పుడు నా కళ్ళజోడు ఒళ్ళో పడేశావు. ఆ రోజు అది నాకు కావలసిందే. నేనెప్పుడైనా అడిగానా?"

"లేదండీ."

"ఎందుకడగలేదో తెలుసా? అవన్నీ నువ్వు తెలిసి చేశావు. ఎంత వదలాలో తెలిసి వదిలావు. నన్ను అంత అసహ్యించుకుంటూ కూడా నా మెడ విరక్కుండా చూసుకున్నవాడి వెనక నిశ్చింతగా కూర్చున్నాను. ఇప్పుడు నీ కాలు ఏం చేస్తోందో నీకే తెలియదు. నువ్వు బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కిన రోజున ఎవడు చస్తాడు? నేను నీ వెనక కూర్చోలేను."

తిట్టు కాదది. తిట్టయితే బాగుండేది. తిట్టుకు అతని దగ్గర మందుంది.

"ఇంటికి తీసుకెళ్ళు. మెల్లగా నడుపు. తాళం ఇచ్చేసి వెళ్ళు" అని ప్లీడరు నీళ్ళు తాగడానికి లోపలికి నడిచాడు.

డ్రైవరు బండిలో కూర్చుని తలుపు తీసే ఉంచి, తన ఎడమకాలి వంక చూస్తూ ఉండిపోయాడు. దాన్ని నరికేయాలన్నంత కోపం వచ్చింది. ఆ వెంటనే, అది చేసిన తప్పేమిటి, ఉన్న ఉద్యోగం చేసుకుపోతోంది అనిపించింది. చేతులు తుడుచుకుంటూ వెళుతున్న ఆ మెకానిక్కు ఆగి లోపలికి తొంగిచూసింది.

"ఆ మెట్టు మీద కాలు పెట్టరెందుకు?"

"అది నున్నగా ఉందమ్మా. కాలికి ఏమీ తెలియదు."

"తెలిసేది ఏదైనా అంటించుకోండి" అని, జేబులోంచి రెండువైపులా అంటుకునే టేపు తీసి ఇంత ముక్క చింపి ఇచ్చి, ఇంకో బండి కిందికి వెళ్ళిపోయింది.

తలుపు అరలో రబ్బరు తొడుగు ఉంది. అతను దాన్ని తీసి, చొక్కా అంచుతో తుడిచి, మెట్టు మీద అంటించి, అరచేత్తో గట్టిగా నొక్కాడు. ఎడమకాలు ఆన్చాడు. కాలు తన గుంటను తాను గుర్తుపట్టి అందులో దిగింది. బొటనవేలు ఒక్కసారి కదిలి కుదురుకుంది.

*

తిరుగు దారిలో ప్లీడరు పైనున్న పిడిని వదల్లేదు. సిగ్నలు వచ్చినప్పుడల్లా ఆయన ఒళ్ళు ముందే బిగుసుకోవడం అద్దంలో కనబడుతూనే ఉంది. బండి మెల్లబడింది. ఎడమకాలు తొక్కింది, రబ్బరును. మెట్టు కదల్లేదు, బండి కూడా ఉలకలేదు. కుడికాలు తన పని తాను చేసుకుంది. మలుపు వచ్చింది. ఎడమకాలు తొక్కింది. గేరు ఎప్పుడు మారిందో కూడా తెలియలేదు. కోర్టు ముందు నుంచి పోతుంటే షెడ్డులో వాళ్ళు మెడలు సాచి చూశారు. అతను చూడలేదు. ఇంత మెత్తగా పాత బండి కూడా ఎన్నడూ నడవలేదు. మొదటిసారి అతనికి ఈ బండి మీద కోపం రాలేదు. ఇవాళ్టితో సరి అన్నప్పుడు ఇది కుదరాలా అని తన రాత మీద ఒళ్ళు మండింది.

సగం దారిలో ప్లీడరు పిడి వదిలేశాడు. ఆ చెయ్యి కాసేపు ఒళ్ళో ఉంది. ఇంటి వీధి మొదట్లో ఆయన మెడపట్టీ వదులు చేసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"ఈ బుద్ధి మొదటి రోజే ఉంటే నిన్ను కూడా మనుషుల్లో లెక్కేసేవాణ్ణి."

ఆ మాటలో ఏముందో డ్రైవరుకు తెలుసు. దాని వెనకాల ఇంకో మాట ఉంది. ఇప్పుడు తను, తప్పైపోయిందండీ, ఇకనుంచి ఇలాగే నడుపుతాను అంటే, ఈయన ఇంటిదాకా తిట్టి, రేపు వేళకు రా అంటాడు. కోర్టులో వెనక్కి పోని మాట ఇంటి గేటు దగ్గర పోవచ్చు. వీధి చివర దాకా సమయం ఉంది. నెలకింత అని ఇంకా బాకీ కడుతున్న మిషను, కమిలిన ముంగాలు, ఈ వయసులో కొత్తగా ఎవరి గుమ్మం ముందు నిలబడాలన్న బెంగ అన్నీ గుర్తొచ్చాయి. నోరు తెరవబోయాడు కూడా.

కానీ మాట చెవిలో పడింది. నిన్ను కూడా మనుషుల్లో లెక్కేసేవాణ్ణి.

గేటు ముందు బండి మెల్లబడింది. ఎడమకాలు రబ్బరు మీద కదలకుండా ఉంది. అతను దాన్ని ఒకసారి మనసులో తడిమి, అక్కడే ఉందని చూసుకుని, కుడికాలితో బ్రేకును ఒక్క వెంట్రుకవాసి గట్టిగా తొక్కాడు. బండి చిన్నగా ఆగి, చిన్నగా ఊగింది. వెనక ఆ పొడుగాటి మెడ ముందుకు వంగింది. తల అతని వీపుకు ఒక దణ్ణం పెట్టి వెనక్కి వెళ్ళింది. కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. నొప్పి పుట్టేటంత కాదు.

గేటు చూసి బండి కూస్తోంది.

"ఇది?" అన్నాడు ప్లీడరు.

"తెలిసే చేశానండీ."

ప్లీడరు కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని పెట్టుకున్నాడు. "ఊఁ. సరిగ్గా అంతే" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

బండి షెడ్డులో పెట్టి, డ్రైవరు తన సామాను సంచిలో వేసుకున్నాడు. నీళ్ళ సీసా, దువ్వెన, తుడిచే గుడ్డ, అన్నం డబ్బా. ఎడమ చెప్పు వెతికి తొడుక్కున్నాడు. ప్లీడరు లోపలికి వెళ్ళకుండా షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు. ఎన్నడూ అలా నిలబడే మనిషి కాదు. ఏమైనా అడుగుతాడేమోనని నిలబడ్డాడని డ్రైవరుకు తెలుసు. అడగడని ప్లీడరుకూ తెలిసే ఉంటుంది. ఇద్దరికిద్దరూ తమ తమ చోట్ల గుంజల్లా బిగుసుకున్నారు.

చివరికి ప్లీడరు చెయ్యి చాచాడు. డ్రైవరు తాళం అందులో పెట్టాడు. ఆ చెయ్యి తాళం మీద వెంటనే మూసుకోలేదు. అతను వెనక్కి తిరిగి, గేటు తీసుకుని, మళ్ళీ వేసి, వీధిలోకి నడిచాడు. ఒక్క దణ్ణమైనా పెట్టకుండా వెళ్ళాడు.

బస్సులో ముందు సీటు దొరికింది. సాయంత్రపు రద్దీలో బస్సు ప్రతి స్టాపు దగ్గరా మెల్లబడుతోంది. మెల్లబడినప్పుడల్లా అతని ఎడమకాలు బస్సు నేలను తొక్కుతోంది. ఈసారి అది తొక్కుతున్న సంగతి అతనికి తెలుస్తూనే ఉంది. ఆపలేదు. కింద గట్టి రేకు. నాలుగైదు స్టాపులు పోయాక, కాలు దేని కోసమో తడుముకుంటోందని అనిపించి, అరలో పెట్టిందీ సంచిలో వేసుకుందీ అన్నీ ఒకసారి మనసులో లెక్క చూసుకున్నాడు. ఏది మరిచిపోయాడో అప్పుడు గుర్తొచ్చింది. దిగి వెనక్కి వెళ్ళడానికి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

తాళం పడిన షెడ్డులో, ఒక్క నొక్కు కూడా లేని ఆ తెల్ల బండిలో, ఎడమ పక్క మెట్టు మీద, గీతలన్నీ అరిగి మధ్యలో పాదం మేర గుంటపడిన నల్ల రబ్బరు ముక్క అలాగే అంటుకుని ఉంది.